ఇంగువ పరీక్ష

వాడేసిన నూనెతోనే వంటగ్యాస్ తయారయ్యే రోజులొచ్చాక మా అపార్ట్‌మెంట్‌లో ఇంగువ నిషేధించారు. అందులోని గంధకం తగిలితే సెల్లార్ యంత్రంలో నూనెని విడగొట్టే ఉత్ప్రేరకం చచ్చిపోతుంది, అందరి పొయ్యిలూ ఆరిపోతాయి. చమురు మడ్డి మీద పరిశోధనలో జుట్టు ఊడగొట్టుకున్న మా ఆయన, గంధకానికి చావని ఉత్ప్రేరకం తయారుచేసి, పొద్దున్నే యంత్రంలో పెట్టొచ్చారు. అప్పట్నుంచీ హాల్లో పచార్లే.

"ఇంగువ నూనె పొయ్యనా?" అన్నాను.

"ఆగు, ఇంకోసారి ఆలోచించనీ. తేడా వస్తే అందరూ పస్తులు. నా ఉద్యోగమూ పోతుంది."

"నువ్వాలోచించేలోగా నేనే పోయేలా ఉన్నానురా," అన్నారు అత్తయ్య. "పులిహోర తినే పోతాను."

పులిహోరకి ఇంగువ పోపు పెట్టి, మిగిలిన నూనె వంటింట్లోంచి యంత్రానికి వెళ్ళే గొట్టంలో ఒంపేశాను. కాసేపటికి పొయ్యిమీద మంట ఎర్రబడి వణికింది. ఆయన గోడ పట్టుకున్నారు. మంట మెల్లగా నీలంగా నిలబడింది.

అంతలో బెల్ మోగింది.

"వాసన పట్టేశారు," అన్నారాయన నీరసంగా.

గుమ్మంలో అసోసియేషన్ ప్రెసిడెంటు వరాహమూర్తిగారు. ఒక చేతిలో జరిమానా నోటీసు, రెండో చేతిలో ఖాళీ గిన్నె.

"మంట ఉందా, పోయిందా?" అనడిగారు.

"ఉందండీ."

నోటీసు జేబులో పెట్టుకుని, గిన్నె ముందుకు చాపారు.