మార్నీ పక్క కుర్చీ

గది నిండా అమ్మలే. బొమ్మల గదిలో పిల్లల కుర్చీలు తప్ప వేరేవి ఉండవు కాబట్టి, అందరూ మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. ఆస్పత్రి నుంచి యూనిఫాంలోనే వచ్చేసిన నర్సు ఒకావిడ. బొగ్గు గనిలో లారీ నడిపి, ఆ మెరిసే పసుపు చొక్కాతోనే పరుగెత్తుకొచ్చిన ఇంకొకావిడ పేరు జోడీ. మరొకావిడ చెవిలో ఆఫీసు మీటింగు ఇంకా నడుస్తూనే ఉంది.

సరీనా అనే చిన్న ఊళ్ళోని ఆ పిల్లల బడిలో ఏటా మదర్స్ డే ముందు శుక్రవారం ఇదే సందడి. టీ, జామ్ పూసిన స్కోన్లనే చిన్న బన్నులు, రంగు చక్కెర చల్లిన వెన్నరొట్టె. సరిగ్గా మూడింటికి పిల్లలు పాట పాడి, తాము చేసిన కాగితం కిరీటాన్ని ఎవరి అమ్మకు వాళ్ళు పెడతారు. అప్పుడు కళ్ళు తుడుచుకోని అమ్మ ఇంతవరకూ లేదు.

ఇరవై రెండు మంది పిల్లలు. ఇరవై ఒక్కమంది అమ్మలు కూర్చున్నారు. నాలుగేళ్ళ మార్నీ పక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది.

మార్నీ ఊదారంగు కిరీటాన్ని ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది. స్కోను ముట్టలేదు.

"మిస్, ఇంకా రాలేదు," అంది, టీ పోస్తున్న టీచరు టీగన్‌తో.

"వచ్చేస్తుంది బంగారూ. దారిలో ఉన్నానని ఫోన్ చేసింది. నువ్వు తిను."

"వచ్చేసరికి పాట అయిపోతే?"

 టీగన్‌కు నిలబడి ఆలోచించే తీరిక లేదు. ఒక మిస్ జ్వరంతో సెలవు పెట్టింది. పదకొండు మంది పిల్లలకు ఒక మిస్ చొప్పున లెక్కకు సరిపడా ఇద్దరే మిగిలారు. ఇద్దరిలో ఎవరూ నిమిషం కూడా పని వదలకూడదని రూలు. అమ్మలు పక్కనే ఉన్నా సరే, రూలు రూలే. టీగన్ ఒక ముక్కు తుడిచి, రెండు కొట్లాటలు విడదీసి, మూడో బల్లకు టీ పట్టుకెళ్ళింది.

ఆ బల్ల దగ్గర షెరీ కూర్చుంది. ఈ సోమవారమే కొడుకు ఆర్లోను బడిలో చేర్పించింది. ఇంకా ఎవరినీ ఎరగదు, కానీ అందరి సంగతులూ కావాలి.

"ఆ పాప వాళ్ళమ్మ రాలేదా?" అంది గుసగుసగా. ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినబడుతుంది.

"పనిలో ఉందండీ. వదిలి రావడానికి వీల్లేదు," అంది టీగన్ కప్పు అందిస్తూ.

"పావుగంట కూడా వదలని పనేంటమ్మా? నేను మాత్రం ఉద్యోగం చేయట్లేదా? మా మేనేజరుతో పోట్లాడి మరీ వచ్చాను. రావాలని ఉండాలి గానీ..."

"ఉందండీ. చాలా ఉంది."

"ఉంటే ఈపాటికి కూర్చునేది. ఇలాంటి తల్లి ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి నేను!"

గని నుంచి వచ్చిన జోడీ ఏదో చెప్పబోయింది. షెరీ సందిస్తేగా!

"చూస్తారు లెండి," అని నవ్వబోయింది టీగన్. నవ్వు రాలేదు. ఆ మాట సూటిగా గుచ్చుకుంది. 

ఇంతలో ఆర్లో మార్నీ దగ్గరికి వెళ్ళి పెద్ద మనిషిలా భుజం తట్టాడు. "ఏడవకు. మా అమ్మలో సగం నీకిస్తా."

"ఏ సగంరా?" అని అరిచింది షెరీ.

"మాట్లాడని సగం."

గదంతా గొల్లుమంది. షెరీకి కూడా నవ్వక తప్పింది కాదు. మార్నీ పెదవి కూడా ఓ మూల కాస్త విచ్చుకుంది.

మూడయింది. రెండో మిస్ బుల్లి గిటారు తీసి, మార్నీ వైపు చూసి, తీగలు సవరిస్తున్నట్టు కాసేపు నటించింది. ఐదు నిమిషాలు గడిచాయి. నర్సు వాచీ చూసుకుంది. జోడీకి మళ్ళీ గనికి వెళ్ళాలి. తీగలు ఇంకెంతసేపని సవరిస్తారు?

"మొదలుపెట్టేద్దామా?" అంది రెండో మిస్, టీగన్ వైపు చూడకుండా.

మార్నీ లేచింది. కిరీటాన్ని తీసి ఖాళీ కుర్చీ మీద పెట్టింది. కిరీటమైనా కూర్చోనీ అన్నట్టు.

టీగన్‌కు ఏడుపొచ్చినంత పనయింది. వెళ్ళి ఆ పిల్లను గట్టిగా పట్టుకోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఒకడు గ్లాసుడు పాలు ఒంటి మీద ఒంపుకున్నాడు. టీగన్ గుడ్డ తీసుకుని అటు పరుగెత్తింది.

బయట కారు కీచుమంటూ ఆగింది.

"వచ్చింది! వచ్చేసింది!" మార్నీ ఎగిరి గంతేసింది.

అమ్మలందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. తలుపు తోసుకుని, భుజాన సంచీతో, అరవై ఏళ్ళ గ్లెనిస్ రొప్పుతూ లోపలికొచ్చింది. ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ బదులు వచ్చే మిస్ ఆవిడ.

"బొగ్గు రైలు అడ్డం పడిందమ్మా! నూట ఇరవై పెట్టెలు. కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఏరి, నా పదకొండు మంది ఏరి?"

"అయ్యో, ఈవిడా!" షెరీ నిట్టూర్చింది. "పాపం, పిల్ల వాళ్ళమ్మ అనుకుని ఎంత సంబరపడిందో!"

మార్నీ గంతులు మాత్రం ఆగలేదు. గిటారు మోగింది.

గ్లెనిస్ హాజరు పట్టీలో సంతకం పెట్టిన మరుక్షణం టీగన్ ఏప్రన్ విప్పి పక్కన పడేసి, ఆ ఖాళీ కుర్చీలో ముడుచుకుని కూర్చుని, పొద్దుటినుంచీ తనను 'మిస్' అని పిలుస్తున్న కూతురి ముందు తల వంచింది.