ఇనుప తోడు

ఇనుము కూడా పెరుగులా తోడుకోవడం మొదలయ్యాక వెల్డింగ్ షాపులన్నీ మూతపడ్డాయి. తుప్పు గోకేసి చెంచాడు ఇనుప తోడు రాస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది. మా రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు అడుగు చట్రాన్ని విశాఖ ఉప్పుగాలి తినేసింది. మర్నాడే భీమిలికి పాత కార్ల ఊరేగింపు. తీరా చూస్తే మా ఇంట్లో తోడు నిండుకుంది.

గిన్నె పట్టుకుని పక్కింటి వరహాలమ్మగారి దగ్గరికి పరిగెత్తాను.

"శుక్రవారం, దీపాలెట్టాక తోడు ఇస్తారేటి బాబూ? అది గేటు దాటితే లచ్చిమీ దాని వెంటే పోద్ది" అన్నారావిడ.

"పోనీ, కారే మీ వాకిట్లోకి తెస్తే?" అంది నా వెనకే వచ్చిన మా ఆవిడ హైమ.

దానికి ఒప్పుకున్నారు. కారు తోసుకొచ్చి, కిందకి దూరి నేనే తోడు రాశాను.

పొద్దున్న సుత్తితో తడితే చట్రం కంచులా ఖంగుమంది. హైమ స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను రెండో తలుపు తీసేసరికి, పట్టుచీరలో వరహాలమ్మగారు లోపల సర్దుకుని కూర్చున్నారు.

"లచ్చిమి ఇప్పుడీ కార్లోనే ఉంది బాబూ. ఒక్కర్తినీ ఎలా పంపిస్తాను?"

కారు భీమిలి వైపు దూసుకుపోయింది. ఆవిడ వాకిట్లో నేనూ, నా ఖాళీ గిన్నే మిగిలాం.