చిక్కీ పొడి

రోజారమణి అంగన్‌వాడీ గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల ముసలి ఆయా కొండలమ్మ పిల్లలకిచ్చే వేరుశనగ చిక్కీలన్నీ రోట్లో వేసి మెత్తగా దంచుతోంది.

"ఏటి మామ్మా ఇది? పిల్లల సేతికివ్వకుండా పిండి సేసేస్తన్నావేటి?"

"పొడైతే మంచిదమ్మా," అంది కొండలమ్మ తలెత్తకుండానే.

ఆ పొడిని జావలో కలిపింది. ఎవరిదో పుట్టినరోజని తెచ్చిన ద్రాక్షపళ్ళని ఒక్కోటీ నిలువునా నాలుగు చీలికలు చేసింది. గుడ్లు చిన్న చిన్న ముక్కలు చేసింది.

నెల కిందటే అక్కడ చేరిన రోజారమణి కూతురు బేబి నోటినిండా గుడ్డు పెట్టుకుని నవ్వుతూ లేచింది.

"కూకో తల్లీ! మింగేశాక నవ్వుదువు గాని," అని గదిమింది కొండలమ్మ.

రోజారమణికి ఏమీ అర్థం కాలేదు. మూడేళ్ళ పిల్ల నవ్వితే కూడా తప్పేనా? పైగా పొడి చేసేస్తే ఎన్ని చిక్కీలు పెట్టిందో, ఎన్ని కొంగున కట్టుకుపోయిందో ఎవరికి తెలుస్తుంది?

టీచర్ గంగాభవానిని అడిగింది.

"ఆవిడ్ని ఏటీ అనకండి," అని ఊరుకుంది టీచర్.

దాంతో అనుమానం ఇంకా పెరిగింది. మర్నాడే సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది.

"మా సెంటర్ ఆయా పిల్లల తిండి పాడు సేస్తంది మేడమ్."

"ఏ ఆయా అమ్మా? మీ సెంటర్ ఆయా పురిటికెళ్ళి మూడు నెలలైంది. ఇంకెవర్నీ వెయ్యలేదే!"

రోజారమణి ఫోన్ పెట్టేసింది. మరి రోజూ వండిపెట్టి, మూతులు కడిగి, జోకొట్టి పడుకోబెడుతున్నది ఎవరు?

సోమవారం వెళ్ళేసరికి కొండలమ్మ లేదు. గంగాభవాని ఒక్కతే ఓ చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఏడుస్తున్న పిల్లాణ్ణి పట్టుకుని అవస్థపడుతోంది.

"బయటోళ్ళని రానివ్వొద్దని మేడమ్ సెప్పీసినారండీ. ఇక రాదు."

"అసలావిడ ఎవరు టీచరుగారూ?"

"కోటవురట్ల అవతల ఏదో పల్లెట. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేది. జీతం లేదు, ఏటీ లేదు. ఎందుకొస్తన్నావని నేనూ ఓ రోజు అడిగాను. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకుంది. మీరడిగిన రోజే సెప్పేసుండాల్సింది."

"ఏటి సెప్పింది?"

గంగాభవాని గరిటె కింద పెట్టేసింది.

"'నా మనవడికి నా సేత్తోనే వేరుశనగ గుళ్ళు పెట్టానమ్మా... గొంతుకడ్డం పడి నా ఒళ్ళోనే పోయాడు... ఆడికి దంచి పెట్టలేదు,' అందండీ."