మూడో గ్రూపు

"మా గ్రూపులోంచి హారతిని తీసెయ్యొద్దండి," అన్నాడు సుమంత్, లేచి నిలబడి.

మీనాకుమారి సుద్దముక్క బల్లమీద పెట్టేసింది. ఇది ఐదో పీరియడు. ఆవిడ ఓపిక మూడో పీరియడుకే అయిపోయింది.

"రేపు ఆఫీసరుగారు వస్తున్నార్రా. మీ గ్రూపులో ఒకళ్ళు లేకపోతే నేనేం చెప్పుకోవాలి?"

"వస్తుందండి."

"ఇవాళ వచ్చిందా? నిన్న వచ్చిందా?"

"ఇంట్లో పనండి," అంది పక్కనున్న సాయిప్రసన్న నెమ్మదిగా.

పని సంగతి మీనాకుమారికీ తెలుసు. సార్వా వరి ఊడ్పులు మొదలైతే సగం ఊరు చేలోనే ఉంటుంది. హారతి తల్లి నాగదుర్గ కూడా పొద్దున్నే వెళ్ళిపోతుంది. హారతి వారంలో మూడురోజులు బడికి రాదు. అడిగితే తల దించుకుంటుంది. అడగడం కూడా మానేసింది మీనాకుమారి.

ఈ గ్రూపుల పద్ధతి శిక్షణలో విన్నప్పుడు బాగానే ఉంది. నలుగురికి ఒక గ్రూపు. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి నేర్చుకోవాలి, నేర్చుకున్నది మిగతా ముగ్గురికీ నేర్పాలి. ఆఫీసరుగారు ఎవర్ని లేపితే వాళ్ళు చెప్పిందే నలుగురి మార్కు. అయితే ఆ శిక్షణలో కూర్చున్నవాళ్ళెవరికీ ఊడ్పులు లేవు. పోయినసారి తనిఖీకి వచ్చినప్పుడు, ఎనిమిదో తరగతిలో పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటున్నట్టు కనబడలేదని మీనాకుమారికి మెమో ఇచ్చి వెళ్ళారు. రెండోది వస్తే సర్వీసు రిజిస్టరుకెక్కుతుందని హెడ్మాస్టరు గున్నేశ్వరరావుగారు పొద్దున్న టీ తాగుతూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు.

"హారతి బదులు చిన్నిని వేసుకోండి. రోజూ వస్తుంది."

"మాకు హారతే కావాలండి," అన్నాడు మూడోవాడు, దుర్గాసాయి.

మీనాకుమారి సుద్దముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సరే, మీ ఇష్టం. గ్రూపంటే ఏం చెప్పాను? ఒకళ్ళకి రాకపోతే ఆ తప్పు మిగతా ముగ్గురిదీ. ఒకళ్ళ పని పడిపోతే మిగతా ముగ్గురూ పంచుకోవాలి. రేపు హారతి రాలేదంటే నలుగురికీ సున్నా."

"ఆయ్," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆ సాయంత్రం నిడదవోలు స్టేషన్లో గంట లేటుగా వచ్చిన పాసింజరు ఎక్కి, సీటు దొరక్క, చార్టుల చుట్ట చంకలో పెట్టుకుని తలుపు పక్కన నిలబడింది మీనాకుమారి. చిన్నపిల్లల నెత్తిన ఈ భారం ఎందుకు పెట్టానా అని బాధ వేసింది. రేపటి రోజు ఎలాగోలా గడిచిపోతే చాలనుకుంది.

మర్నాడు క్లాసు గుమ్మంలో కాలు పెట్టేసరికి ఆఫీసరుగారు వెనకాలే ఉన్నారు. మీనాకుమారి కళ్ళు తిన్నగా మూడో గ్రూపు మీదికి పోయాయి. హారతి ఉంది. తడి ఆరని జడలు వేసుకుని బుద్ధిగా కూర్చుంది. మిగతా ముగ్గురూ లేరు.

"క్లాసులో ఫస్టు వచ్చేవాళ్ళు ముగ్గురూ ఎగ్గొట్టారేంటండి?" అని చెవిలో గొణిగారు గున్నేశ్వరరావుగారు. "ఇంక మెమో రాసేసుకోవచ్చు."

మీనాకుమారికి కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక ఉండాలి కదా. నిన్న అంత పట్టుబట్టినవాళ్ళు ఇవాళ తనను ఇలా నడివీధిలో నిలబెడతారని అనుకోలేదు. అది మాత్రం మనసుకు తగిలింది.

ఆఫీసరుగారు అన్ని గ్రూపులూ చూసి చివరికి హారతి దగ్గర ఆగారు.

"నీ ముక్క ఏంటమ్మా?"

"ట్రెపీజియం అండి. మా అమ్మ ఊడ్చే మడిలా ఉంటదండి. రెండు గట్లే సమాంతరంగా పోతాయండి, మిగతా రెండూ పోవండి." నోటుబుక్కులో గీసి చూపించింది.

ఆఫీసరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మరి మిగతా మూడు ముక్కలో?"

హారతి రాంబస్ చెప్పింది. పారలలోగ్రామ్ చెప్పింది. రెక్టాంగిల్ దగ్గర ఒకసారి ఆగి, వేళ్ళమీద భుజాలు లెక్కపెట్టుకుని, అదీ చెప్పింది. మీనాకుమారి గోడకు ఆనుకుంది. ఈ పిల్ల ఈ నెలలో బడికి వచ్చింది ఎనిమిది రోజులు.

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"మా గ్రూపోళ్ళండి. నిన్న బడి వదిలాక మా అరుగుమీద కూర్చోబెట్టి నేర్పారండి."

"అంత బాగా నేర్పినవాళ్ళు ఇవాళ ఏరమ్మా? భయపడి మానేశారా?"

హారతి, చెప్పొచ్చా అన్నట్టు మీనాకుమారి వంక చూసింది.

"మా ఇంట్లో ఉన్నారండి. సుమంత్ మా తమ్ముడి ఉయ్యాల ఊపుతున్నాడండి, సాయిప్రసన్న పాలు పడుతోందండి, దుర్గాసాయి గుడ్డలు ఉతుకుతున్నాడండి... ఒకళ్ళ పని మిగతా ముగ్గురూ పంచుకోవాలని టీచరుగారే చెప్పారండి."