రెండింట్లో ఒకటి

"రెండూ పనికిమాలినవే!" అంటూ ఆ సెల్‌ఫోన్లను మదనపల్లెలో కలీం అంగడి బల్ల మీద పెట్టాను. వారం రోజులు వాడి చూసి, నచ్చినది ఉంచుకుని, రెండోది వాపసివ్వాలని మా ఒప్పందం.

"ఏం పెద్దప్పా, గుట్ట మీద సిగ్నల్ రాలేదా?" అన్నాడు కలీం.

"వచ్చింది."

"మాట ఇనపడలేదా?"

"బాగా ఇనపడింది."

"మరి యాల తిడతాండావు? ఏదో ఒగటి తీసుకోని పోప్పా!"

నాకు ఒళ్లు మండింది.

"అడక్కుండా పొట్టేలు అమ్మినానని నా పెండ్లాం ఉగాది కాడ్నించి నాతో మాట్లాడేదే లేదు. ఒగ ఫోను ఇంట్లో పెట్టి, రెండోదాంతో గొర్రెల కాడ్నించి చేస్తే మాత్రం ఎత్తి, 'సద్ది తిన్నావా?' అంటాది. సాయంత్రం ఇంటికి పోతే మళ్లీ మూగనోమే."

కలీం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వద్దప్పా. ఏది వాపసియ్యాల్నో నువ్వే సెప్పు."