ఎలా ఉందో చెప్పు

నర్సు కట్టు విప్పబోతే టైలరమ్మ చెయ్యి లాగేసుకుంది.

"నా వల్ల కాదు తల్లీ. వదిలెయ్."

ఇస్త్రీపెట్టె ఆవిరికి కుడిచెయ్యి మణికట్టు దాకా కాలి పది రోజులైంది. రోజూ కట్టు మార్చాలి, వేళ్లు వంచాలి. వంచకపోతే బిగుసుకుపోతాయి. ఇక జన్మలో కత్తెర పట్టడం కుదరదు.

పక్కన స్టూలు మీద ఓ నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. రోజూ ఉంటాడు. ఎవరి తాలూకో ఆమె అడగలేదు.

"మంటా అమ్మా, సలుపా?" అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది.

"మీకేం తెలుసయ్యా నా బాధ!"

"తెలీదమ్మా. నువ్వే చెప్పు."

మోచేతి కింద, కాలనిచోట, అరచేత్తో మెల్లగా రాయడం మొదలుపెట్టాడు.

"స్పర్శా, నొప్పీ ఒకే గుమ్మంలోంచి వెన్నులోకి వెళ్లాలట. స్పర్శ ముందు దూరిందనుకో, నొప్పికి దారి ఇరుకు. ఊపిరి నిదానంగా వదులు. ఎలా ఉందిప్పుడు?"

"సూదులు గుచ్చినట్టు!"

"ఎన్ని?"

"డబ్బాడు!"

"మిషను సూదులా, చేతి సూదులా?"

ఏడుస్తూనే ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నర్సు కట్టు విప్పేసింది.

మర్నాడు "జివ్వుమంటోంది" అంది. ఆ మర్నాడు పోటు. తర్వాత తీపు. ప్రతి మాటా ఆయన చూడని ఊరి కబురులా వినేవాడు.

"నొప్పి తెలుస్తోందంటే చెయ్యి బతికుందమ్మా. అదృష్టవంతురాలివి," అన్నాడొకసారి.

"ఈ అదృష్టమేదో మీరే తీసుకోండి!" అందామె.

నెల తిరిగేసరికి బొటనవేలు చూపుడువేలిని తాకింది. ఇక కట్లు అక్కర్లేదన్నారు. మరో రెండు వారాలకి కత్తెర పట్టింది. గుడ్డ తిన్నగా తెగింది.

ఆ సంగతి ఆయనకి చెప్పాలని ఆస్పత్రికి పరుగున వచ్చింది.

స్టూలు ఖాళీగా ఉంది. మంచం మీద, కాలు కాలిన ఓ వంటామె కేకలు పెడుతోంది.

టైలరమ్మ ఆగలేకపోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఆమె మోకాలి మీద, కాలనిచోట, చెయ్యి వేసి రాసింది.

"ఎలా ఉంది వదినా? నాతో చెప్పు."

కేకలు మూలుగులయ్యాయి. కాసేపటికి మూలుగులు మాటలయ్యాయి.

కట్టు పూర్తయ్యాక నర్సుని అడిగింది.

"బాబాయిగారు రాలేదేం?"

"వారం క్రితం చనిపోయారమ్మా. కడుపులో పేగు పగిలిందట. మూడు రోజులు అలాగే తిరిగారు."

"మూడు రోజులా! అంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు?"

"ఓర్చుకోవడం కాదమ్మా," అంది నర్సు. "పుట్టుకతోనే ఆయనకి నొప్పంటే ఏంటో తెలీదు."