గెస్టు కుర్చీ

వండూర్ బీచ్ దగ్గర ఒక రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం కోసం మా ఆయన కృపానందం ఇంగ్లీషు అడ్వెర్బులు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఎదురుగా గెస్టు ఉండాలి కనుక నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. పెళ్లయ్యాక మా ఇంట్లో నేను కూర్చుని ఆయన నిలబడటం అదే మొదలు.

“కైండ్లీ సిట్ కంఫర్టబ్లీ, మేడమ్,” అన్నాడు నడుం వంచి.

నాతో ‘ఏమే’ తప్ప మరో మాట ఎరగని నోరు అది. పరాయివాళ్ల కోసం మర్యాద అద్దెకు తెచ్చుకున్నాడు. ఆ వంగిన నడుం చూసి నవ్వడం కూడా దండగ అనిపించింది.

“ఆకలేస్తంది. అన్నం ఎప్పుడు తెస్తారు?” అన్నాను గెస్టులాగా.

“ఇమ్మీడియట్లీ, మేడమ్.” అంతలోనే నాలుక కరుచుకున్నాడు. “కాదు, గలత్. ఇమ్మీడియట్లీ అంటే పరిగెత్తాలి. షార్ట్‌లీ అనాలి. షార్ట్‌లీ అని నవ్వితే బస్, అంతే, కదలక్కర్లేదు. గెస్టు ఖుష్. నీకేం సమజ్ అవుద్దిలే.”

“అవదులెండి,” అన్నాను.

ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు డ్యూటీ చేసి, బస్సు దిగి, చెమటతో తడిసిన టై లాక్కుంటూ ఇంట్లోకి వచ్చాడు. నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

“ఏమే, పానీ తే. జల్దీ.”

ఆయన నేర్పిన నవ్వే నవ్వాను.

“షార్ట్‌లీ, సర్,” అన్నాను, ఇంకాస్త వెనక్కి వాలి.